తీర్చిన అప్పుకు లెక్క లేదు

ఫిల్మ్‌నగర్ బస్తీలకూ జూబ్లీహిల్స్ బంగళాలకూ మధ్య నడిచేంత దూరమే. అసలు దూరం అప్పు పుట్టే తీరులో ఉంది. దుబాయ్ వెళ్లే దళిత యువకుడు ఏజెంటుకు కట్టాల్సిన డబ్బు బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 36 శాతానికి తెచ్చాడనుకుందాం. పైసాతో సహా తీర్చినా అది సిబిల్ రికార్డుకు ఎక్కదు. వెళ్లేముందు ఫైనాన్స్‌లో కొన్న బండి కిస్తీలు తప్పితే మాత్రం ఎక్కుతుంది. తిరిగొచ్చి కొంత కట్టి రాజీ చేసుకున్నా రికార్డులో 'సెటిల్డ్' అనే పడుతుంది, 'క్లోజ్డ్' అని కాదు.

దీన్ని క్రమశిక్షణ లేకపోవడం అనడం మోసం. ఎస్సీ కార్పొరేషన్ సబ్సిడీ పథకాల్లో చాలావాటికి బ్యాంకు రుణం జత కావాలి. 2025లో రాజీవ్ యువ వికాసం దరఖాస్తుల సమయంలోనూ సిబిల్ మాట వచ్చింది. అంటే సబ్సిడీకి అర్హత కులాన్ని బట్టి, అందేది మాత్రం స్కోరును బట్టి.

గల్ఫ్ బ్యాంకు బాకీ అక్కడే ఆగిపోతుందనుకోవద్దు. 2020 జనవరి నుంచి యూఏఈ సివిల్ కోర్టు డిక్రీని ఇక్కడి జిల్లా కోర్టులో అమలు చేయించవచ్చు.

ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పుంటే ఫిర్యాదు చేయండి, నంబరు దాచుకోండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలన్నది ఆర్‌బీఐ నిబంధన.