తలనొప్పికి మాటల్లేవా?

మిరప కల్లాల్లో పనిచేసే స్త్రీల పాటలు సేకరించడానికి ఒక ఫిబ్రవరిలో మా అమ్మమ్మ ఊరు వెళ్ళాను. చిలకలూరిపేటకి దగ్గర్లో ఊరది. పదిమంది ఆడవాళ్ళు ఎండలో కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. అందరి ముక్కులకీ పైట కొంగులు. ముగ్గురి నుదుళ్ళకి బిగించి కట్టిన గుడ్డలు. పాట పాడమని అడిగితే ఒకామె "పాటలేందమ్మాయ్, కణతలు పగిలిపోతంటే" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి రికార్డర్ ఆపేశాను. అలా ఆపేసినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఎందుకంటే పధ్నాలుగో ఏటి నుంచి నాకూ పార్శ్వపు నొప్పి ఉంది. ఆ గుడ్డ ఎందుకు కట్టుకుంటారో నాకు తెలుసు. అయినా నా పరిశోధనకి పాట పనికొస్తుందనీ, తలనొప్పి పనికిరాదనీ అనుకున్నాను.

మర్నాడు మళ్ళీ వెళ్ళి తలనొప్పి గురించే అడిగాను. గంటన్నర మాట్లాడారు.

"కుడి కణత కాడ మొదలయ్యి కంట్లోకి దిగుద్ది. గుండెకాయ కొట్టుకున్నట్టు కొట్టుకుంటది. గిన్నె చప్పుడైనా ఓర్చుకోలేను. చీకట్లో పడుకోవాల. వాంతయితే గానీ తేలికపడదు" అంది ఒకామె. "నాకట్టా కాదు. తలచుట్టూ తాడేసి బిగించినట్టుంటది. పనీ ఆగదు, అదీ ఆగదు" అంది ఇంకొకామె. "చేలో మందు కలిపిన రోజున తల దిమ్మెక్కుద్ది. కళ్ళు మసకలు, నోట్లో నీళ్ళూరతయ్యి, ఒళ్ళంతా చెమట" అంది మూడో ఆమె. నాలుగో ఆమె "మాత్ర వేసుకోకపోతే తెల్లారదు. వేసుకుంటే మజ్జానానికి మళ్ళీ వస్తది. రోజూ ఇంతే" అంది.

వర్జీనియా ఊల్ఫ్ 1926లో రాసిన 'ఆన్ బీయింగ్ ఇల్' వ్యాసంలో, ప్రేమని చెప్పుకోవడానికి కావలసినన్ని మాటలున్న ఇంగ్లీషు తలనొప్పి దగ్గరికొచ్చేసరికి చతికిలబడుతుందని వాపోయింది. సెమినార్లలో మనం ఆ మాటని ఎన్నిసార్లు తలుచుకున్నామో లెక్కలేదు. ఊల్ఫ్ మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను, ఆ కల్లంలో ఆ మాట నిలబడలేదు. మాటలకి అక్కడ కరువు లేదు. కరువంతా వినేవాళ్ళకే.

ఆ నలుగురూ చెప్పినవి నాలుగు రకాల తలనొప్పులు. మొదటిది మైగ్రేన్. సాధారణంగా ఒకవైపు పోటు, కదిలితే ఎక్కువవడం, వికారం, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం దాని గుర్తులు. మందు పడకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు. దాన్ని కప్పి ఉంచే పొరల్లోనూ, రక్తనాళాల చుట్టూనూ అల్లుకున్న ట్రైజెమినల్ నరానికి తెలుస్తుంది. ఆ నరపు కొసలు విడుదల చేసే సీజీఆర్పీ అనే పదార్థం ఈ నొప్పిలో ముఖ్యపాత్ర వహిస్తుంది. యుక్తవయసు దాటాక మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో మైగ్రేన్ రెండు మూడు రెట్లు ఎక్కువ. నెలసరికి ముందు ఈస్ట్రోజన్ పడిపోవడం దాన్ని రేపుతుంది. ఖాళీ కడుపు, నిద్రలేమి, ఎండ కూడా చాలామందిలో రేపుతాయి. కూలికెళ్ళే ఆడదాని దినచర్యలో ఈ మూడిట్లో ఏది లేదో చెప్పండి.

రెండోది టెన్షన్ తరహా తలనొప్పి. తాడు బిగించినట్టుంటుందని ఆమె చెప్పిన మాటే పాఠ్యపుస్తకాల్లో పట్టీ బిగించినట్టుంటుందని ఉంటుంది. మూడోది పురుగుమందు విషం. ఆర్గానోఫాస్ఫేట్లు నరాల సంకేతాలని ఆపవలసిన ఎంజైముని పనిచెయ్యనివ్వవు. చెమట, లాలాజలం, మసక చూపు, తలనొప్పి అన్నీ అందుకే. మందు కొట్టేది మగవాళ్ళు కదా అంటారు. మన దేశంలోనే మూడు పల్లెల్లో పత్తి రైతుల మీద ఫ్రాన్సెస్కా మాన్సినీ బృందం చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం దీనికి జవాబు. చిక్కటి మందుని నీళ్ళలో కలిపి ట్యాంకులు నింపే స్త్రీలకి కూడా కొట్టే మగవాళ్ళతో సమానంగా ప్రమాదం ఉందని అది తేల్చింది. నాలుగోది మాత్రలు తెచ్చే తలనొప్పి. మామూలు నొప్పి మాత్రలు నెలకి 15 రోజులు, రెండు మూడు మందులు కలిపినవైతే 10 రోజులు చొప్పున మూడు నెలలకి మించి వాడితే ఆ మాత్రలే రోజువారీ నొప్పిని పెంచి పోషిస్తాయి. కిరాణా కొట్లో చిల్లరకి బదులు మాత్ర ఇచ్చే ఊళ్ళల్లో ఈ సంగతి ఆమెకి చెప్పిన మనిషి లేడు.

మిరప ఘాటు సంగతి కూడా చెప్పాలి. కాయలోని క్యాప్సైసిన్ నరాల మీదున్న టీఆర్పీవీ1 అనే గ్రాహకాన్ని తాకుతుంది. 1997లో దాన్ని గుర్తించిన పరిశోధనకి నాయకత్వం వహించిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ముక్కులో, కళ్ళల్లో మంటని మోసుకెళ్ళేది కూడా ట్రైజెమినల్ నరమే. క్యాప్సైసిన్ తాకితే ఆ నరపు కొసల నుంచి సీజీఆర్పీ బయటికొస్తుంది. ఆ పదార్థాన్ని అడ్డుకునే మైగ్రేన్ మందుల్ని పరీక్షించడానికి వాలంటీర్ల చర్మం మీద క్యాప్సైసిన్ పూస్తారు. గుంటూరు యార్డుకి వెళ్ళే టిక్కీల వెనక రోజుకి పది గంటలు అదే ఘాటులో కూర్చునే స్త్రీ తలనొప్పి మాత్రం ఎవరికీ పరిశోధనాంశంగా తోచదు.

ఇక అసలు విషయం. మైగ్రేన్‌ని నిర్ధారించే రక్తపరీక్ష లేదు. స్కానింగ్ తీసేది గడ్డలు, రక్తస్రావం లాంటివి లేవని తేల్చుకోవడానికి. అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణ 1988 నుంచి 2018 నాటి మూడో కూర్పు దాకా మైగ్రేన్‌కి ఆధారంగా తీసుకున్నది రోగి చెప్పే కథనాన్నే. ఎక్కడ, ఎలా, ఎంతసేపు, దేనితోపాటు? అంటే రోగి మాటే పరీక్ష. ఆ మాట నమ్మకపోతే వైద్యమే లేదు. "స్కానింగులో ఏమీ లేదు" అనే వాక్యం మన ఇళ్ళల్లో "నీకేమీ లేదు"గా మారిపోవడం పొరపాటున జరుగుతున్నది కాదు. ఆడదాని మాటకి కోర్టులోనూ, పోలీస్ స్టేషన్లోనూ ఉన్న విలువే ఆసుపత్రి బల్ల ముందు కూడా ఉంది.

నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు ఒక డాక్టరు నా నొప్పి గురించి అడిగిన మొదటి ప్రశ్న "పెళ్ళయిందా?" కాలేదన్నాను. "అయితే తగ్గిపోతుంది" అన్నాడు. మా పిన్ని కథ ఇంకా ఘోరం. నెలనెలా తలనొప్పి అంటే ముప్పై అయిదో ఏట గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతే మైగ్రేన్ పెరగొచ్చని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పెరిగింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తంలో మన రాష్ట్రంలోనే ఎక్కువ, 8.9 శాతం. అందులో ఎందరు పిన్నిలాగా వెళ్ళి పిన్నిలాగా తిరిగొచ్చారో ఆ సర్వే అడగలేదు.

లోకంలో వైకల్యానికి కారణమయ్యే జబ్బుల్లో యువతుల విషయంలో మైగ్రేన్‌దే మొదటి స్థానమని 2020లో ఒక విశ్లేషణ లెక్కగట్టింది. మన భాషలో మాత్రం తలనొప్పి అంటే పీడ, సినిమాల్లో పెళ్ళాం చెప్పే సాకు. విరహతాపానికి చందనాలూ తామరాకులూ పరిచిన కావ్యసంప్రదాయం పొయ్యి ముందు కణతలు నొక్కుకునే మనిషిని చూడలేదు. దేహ రాజకీయాల గురించి ఇంత రాసిన మనమూ చూడలేదు. తలనొప్పి మరీ మామూలు విషయమనుకున్నాం. మాత్రేసుకుని వ్యాసాలు రాసుకున్నాం.

అందుకే అడుగుతున్నాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తలనొప్పితో వచ్చిన ప్రతి స్త్రీనీ నొప్పి తీరు, నెలసరి, చేలో మందు, వాడే మాత్రలు, తిండీ నిద్రా గురించి అడిగి రాయాలి. గర్భిణి తలనొప్పి అంటే వెంటనే బీపీ చూడాలి. అకస్మాత్తుగా పిడుగులా వచ్చిన నొప్పినీ, జ్వరంతో మెడ బిగిసిన నొప్పినీ, మాట తడబడే నొప్పినీ ఇంటికి పంపకూడదు. ఇవేవీ ఖరీదైన కోరికలు కావు. అయిదు నిమిషాలు వినడం, అంతే.

వినడం మన వృత్తి కూడా. ఆ గంటన్నర రికార్డింగుని నేను పాటల పక్కనే, అదే శ్రద్ధతో ఎత్తి రాస్తున్నాను. మీ ఊళ్ళకి వెళ్ళినప్పుడు మీరూ అడగండి. మీ అమ్మతో మొదలుపెట్టండి.