మందుల పరీక్షల్లో మనమెక్కడ?

రోజుకో ఆస్పిరిన్ వేసుకుంటే గుండెపోటు రాదన్న మాటకు బలం ఎక్కడ వచ్చిందో తెలుసా? అమెరికాలో 22,071 మంది డాక్టర్ల మీద చేసిన పరిశోధనలో. 1989లో పూర్తి ఫలితం అచ్చయింది. ఆ 22 వేల మందిలో ఒక్క ఆడమనిషి కూడా లేదు! మన సంగతి తేలడానికి ఇంకో 16 ఏళ్లు పట్టింది. 39,876 మంది స్త్రీలతో చేసిన పరీక్షలో ఆస్పిరిన్ వాళ్లకు పక్షవాతాన్ని కొంత తగ్గించింది గానీ, మొదటి గుండెపోటును ఆపినట్టు కనబడలేదు. (ఇది చదివి డాక్టరు రాసిచ్చిన మాత్ర ఆపేయకండి తల్లీ.)

తర్వాత కొంత మారింది. అయినా 2010 నుంచి 2017 దాకా జరిగిన గుండెజబ్బుల ట్రయల్స్‌లో ఆడవాళ్లు నూటికి 38 మందే.

ఇప్పుడు ఫోన్లతో, యాప్‌లతో అందరినీ చేర్చుకోవచ్చంటున్నారు. మంచిదే. ఇంట్లోనే బీపీ చూసి పంపితే ప్రతిసారీ కార్వేటినగరం నుంచి పుత్తూరు మీదుగా తిరుపతికి పోనక్కర్లేదు. పోవాలంటే ఆ పూట వంటెవరు చేస్తారు, ఆవుకు పాలెవరు పిండుతారు అన్నది ముందు తేలాలి కదా. కానీ ఆ ఫోన్ ఎవరిది? మా వీధిలో పెద్దావిడల నంబరు అడిగితే కొడుకుదో, ఆయనదో చెప్తారు. ట్రయల్ కబురు ఆయన జేబులోనే ఉండిపోతుంది.

అందుకే పశ్చిమ గోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చేసిన స్మార్ట్‌హెల్త్ పద్ధతి నాకు నచ్చింది. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కింద 54 ఊళ్లలో ఆశా కార్యకర్తలే ట్యాబ్ పట్టుకుని గడప గడపకూ పోయారు. బీపీ చూసి, గుండెజబ్బు ముప్పు ఎంతో లెక్కగట్టి, ఎక్కువున్నవాళ్లను డాక్టరు దగ్గరికి పంపారు. ఫోన్ లేని అవ్వ కూడా లెక్కలోకొచ్చింది. 2019లో అచ్చయిన ఫలితం మాత్రం చేదుగానే ఉంది: డాక్టరు దగ్గరికి పోయేవాళ్లు పెరిగినా, బీపీ అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నన్నడిగితే, ట్యాబ్ మీద పెట్టే శ్రద్ధ బస్సు చార్జీల మీద, నెలనెలా అందాల్సిన మాత్రల మీద కూడా పెట్టాలి.

ఇంకొకటి. గుండెజబ్బు మగవాళ్లకంటే మనకు పదేళ్లు ఆలస్యంగా వస్తుందంటారు. వయసు దాటిందని ట్రయల్‌లో చేర్చుకోకపోతే ఎక్కువగా బయట మిగిలేది మనమే. దీన్ని ఏ యాప్ సరిచేస్తుంది? నిబంధన రాసేవాళ్లే మార్చాలి. ఒప్పుకోలు కాగితం కూడా అంతే. దాన్ని మన తెలుగులో చదివి వినిపించే రికార్డింగు ట్యాబ్‌లో పెట్టడం ఎంత పని? అది కొడుకుకో, కోడలికో కాదు, మాత్ర మింగబోయే ఆమెకే వినిపించాలి. వద్దనుకుంటే వద్దనే తీరిక కూడా ఆమెకివ్వాలి.