గుట్టు ఏది? రట్టు ఏది?

ఇంగ్లీషులో రహస్యం చెప్పి "మమ్స్ ది వర్డ్" అంటే, ఆ 'మమ్' అమ్మ అనుకుంటాం. కాదు. పెదవులు మూసి చేసే 'మ్మ్' అనే శబ్దమే అది. ఎవరికీ చెప్పవద్దని దాని భావం. 1590ల నాటి షేక్‌స్పియర్ నాటకం 'ఆరవ హెన్రీ' రెండవ భాగంలోనే ఆ మాట ఈ అర్థంలో ఉంది.

మన పెద్దలు మాత్రం 'సంసారం గుట్టు, రోగం రట్టు' అన్నారు. ఏది దాచాలో, ఏది చెప్పాలో ఒక్క సామెతలో తేల్చారు. దీని విలువ మన ఉద్దానం వారికి బాగా తెలుసు. కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. మొదట్లో అది నొప్పి లేకుండా లోలోపల ముదురుతుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ చూస్తేనే బయటపడుతుంది. రోగమే గుట్టుగా ఉంటే, మనమూ దాస్తే ఎలా?

హాస్టల్లో మనం గజ్జి వస్తే నవ్వుతారని దాస్తాం. ఎవరైనా కొట్టినా, అసభ్యంగా తాకినా పరువు పోతుందని ఊరుకుంటాం. మిత్రులారా! స్నేహితుని ఇంటి కష్టం మన కడుపులోనే ఉంచుకుందాం. కానీ బాధపెట్టేవాడి గుట్టు మనం మోయనక్కరలేదు. అమ్మానాన్నలకో, వార్డెన్ మాస్టారికో చెబుదాం. అదీ కుదరకపోతే 1098కి ఉచితంగా ఫోన్ చేద్దాం.