సూది వేసిన తరువాతి అరగంట

టీకా వేసిన కొద్ది నిమిషములలో ఒకానొకరికి ఊపిరి అందక, రక్తపోటు పడిపోయి ప్రాణము మీదికి వచ్చుట అరుదైన విషయమే గాని అబద్ధము కాదు. వైద్యులు దీనిని అనాఫిలాక్సిస్ అంటారు. ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సభ్యులలో రెండు వాదములు వినిపిస్తున్నవి. "అందుకే ఆ సూది మాకు వద్దు" అనేది ఒకటి. "ఇటువంటివి పత్రికలో వ్రాయకండి, జనము బెదిరిపోతారు" అనేది రెండవది. ఈ రెండింటితోను మేము ఏకీభవించలేము.

మొదటి వాదమునకు సమాధానము మన అనుభవములోనే ఉన్నది. 2021 మే 10వ తేదీన రైల్వే బోర్డు అధ్యక్షుడు, అప్పటికి 1,952 మంది రైల్వే ఉద్యోగులు కోవిడ్ వలన మరణించారని ప్రకటించారు. తపాలా సోదరులు సైతము ఆ దినములలో బట్వాడా సంచి భుజాన వేసుకొని వీధి వీధి తిరిగినవారే. మనము టీకా వద్దనలేదు. మాకు ముందుగా వేయండని విజ్ఞాపన మీద విజ్ఞాపన పంపినాము. ఆ కోరిక సరియైనదనియే నేటికీ మా అభిప్రాయము.

ఇంతకూ ప్రమాదమెంత? అమెరికాలో 2009 నుండి 2011 వరకు వేసిన రెండున్నర కోట్లకు పైబడిన మోతాదుల రికార్డులను పరిశీలించగా 33 అనాఫిలాక్సిస్ కేసులు తేలినవి. అనగా పది లక్షలకు ఒకటి కంటె కొంచెము ఎక్కువ. ఆ 33 మందిలో ఒక్కరును మరణించలేదు. టీకాలోని ఏదో ఒక దినుసును శరీరము శత్రువుగా పొరబడి ఒక్కసారిగా విరుచుకుపడుటయే దీనికి మూలము. ఒంటి మీద దద్దుర్లు, పెదవులు నాలుక వాచుట, పిల్లికూతలు, వేగముగా కొట్టుకొను నాడి దీని గుర్తులు. సూదికి జడిసి సొమ్మసిల్లినవాని నాడి సాధారణముగా మందగిస్తుంది, పడుకోబెడితే తేరుకుంటాడు. దీనికి మాత్రము మందు ఎడ్రినలిన్. తొడ కండలో వెంటనే ఇవ్వవలెను. పెద్దవారికి అర మిల్లీలీటరు మోతాదు. ఖరీదైన మందు కాదు. ముందు ఏవిల్, డెకడ్రాన్ ఇచ్చి చూద్దామనే అలవాటు మన ఆసుపత్రులలో ఒకటి ఉన్నది. అవి దీనికి బదులు కావు. ఆ జాగులోనే మనిషి పోవచ్చును.

మా ఎరుకలోని ఒక సంఘటన ఇక్కడ చెప్పవలెను. డివిజను పేరు వ్రాయము. 2021లో ఒక స్టేషను ఆవరణలో టీకా శిబిరము పెట్టినారు. నియమము ప్రకారము సూది వేసిన పిదప 30 నిమిషములు అక్కడే కూర్చొనవలెను. ట్రాకు పనికి బ్లాకు దొరికినదని సూపర్‌వైజరు గ్యాంగును పది నిమిషములకే లేపి పంపినాడు. అర కిలోమీటరు నడిచేసరికి ఒక ట్రాక్‌మన్‌కు ఒళ్ళంతా దద్దుర్లు లేచి గొంతు బిగిసినది. తోటివారు చేతుల మీద మోసుకొని అతనిని శిబిరమునకు తెచ్చినారు. ఎడ్రినలిన్ ఉన్నది, అది పెట్టెలో ఉన్నది, పెట్టెకు తాళము ఉన్నది, తాళపుచెవి భోజనమునకు వెళ్ళిన ఫార్మసిస్టు జేబులో ఉన్నది. అక్కడి నర్సమ్మ పెట్టెను రాతితో పగులగొట్టి సూది వేసినందువలన ఆ మనిషి బ్రతికినాడు. (ప్రభుత్వ సామాను ధ్వంసము చేసినందుకు ఆమెను సంజాయిషీ అడిగినారన్నది వేరే కథ.) అతనికి ఆ పూట హాజరు పట్టీలో సగము రోజు సెలవు వేసినారు. టీకా వికటించినదని నివేదిక ఎవరూ పంపలేదు. నివేదిక లేనందున, ఆ టీకా మరల వేయరాదని వైద్యులు చెప్పిన మనిషికే రెండవ మోతాదు ధ్రువపత్రము ఎందుకు దాఖలు చేయలేదని కార్యాలయము నుండి ఉత్తరములు వచ్చినవి. ఆ సగము రోజును డ్యూటీగా మార్పించుటకు మనకు ఐదు నెలలు పట్టినది.

ఇక దాచిపెట్టుదామనే రెండవ వాదము. బ్రిటనులో 2020 డిసెంబరు 8న ఫైజర్ టీకా మొదలుపెట్టిన నాడే, పూర్వము నుండి తీవ్రమైన అలెర్జీలున్న ఇద్దరు ఆరోగ్య ఉద్యోగులకు ఇది వికటించినది. ఇద్దరును కోలుకున్నారు. మరునాడే అక్కడి మందుల నియంత్రణ సంస్థ దేశమంతటికీ హెచ్చరిక చేసినది. టీకా కార్యక్రమము ఆగలేదు. మన దేశములో 2021 మార్చి 8న టీకా వేయించుకున్న 68 ఏండ్ల వ్యక్తి మరణించినాడు. దానికి టీకా వలన కలిగిన అనాఫిలాక్సిసే కారణమని జాతీయ కమిటీ నిర్ధారించినట్లు జనమునకు తెలిసినది జూన్ నెలలో. జనవరి 16, 19 తేదీలలో టీకా పొందిన మరి ఇద్దరికి ఇదే కలిగి ఆసుపత్రిలో కోలుకున్నారన్న సంగతియు అప్పుడే బయటికి వచ్చినది. విచారణకు కాలము పట్టుననుట నిజమే. ఆలోగా పుకార్లకు మాత్రము విచారణ అక్కరలేదు కదా! వికటింపు నివేదికలు ప్రజలకు అందుబాటులో ఉంచవలెనని, టీకా కొరకు ఎవరినీ బలవంతపెట్టరాదని సుప్రీంకోర్టు 2022 మే 2న తీర్పు చెప్పినది.

నివేదికల వలన ప్రయోజనమేమని అడుగువారికి జపాను ఉదాహరణ చాలును. 1990లలో అక్కడి పిల్లలకు తట్టు మొదలైన టీకాలు వికటించిన కేసులను వైద్యులు ఓపికగా కూర్చి చూడగా, దోషము టీకాలో కలిపిన జిలెటిన్‌దని తేలినది. దానిని తీసివేసిన పిదప ఆ కేసులు బాగా తగ్గినవి.

కుక్క కరచిన పోస్టుమాన్‌కు బొడ్డు చుట్టూ సూదులు పొడిచిన రోజులు మన తపాలా శాఖలోని పాతవారికి గుర్తుండే ఉండును. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన ఆ మందు గొర్రె మెదడుతో చేసినది. ఆ మెదడు పదార్థముపై తిరుగబడిన శరీరము కొందరిలో తన నరములనే దెబ్బతీసి పక్షవాతము తెచ్చెడిది. ఇది నిమిషములలో కాక దినములలో వచ్చు వికటింపు. 1970ల చివరికే ఎంతో సురక్షితమైన టీకా విదేశములలో వచ్చినది. తరువాత మన దేశములోను డబ్బున్నవారు దానిని కొనుక్కున్నారు. ప్రభుత్వ ఆసుపత్రి వరుసలో నిలిచినవానికి మాత్రము 2004 చివరి దాక గొర్రె మెదడే గతి అయినది. వికటింపు అరుదని చెప్పిన పెద్దలు, ఆ అరుదైనవాడు ఎవరి ఇంటివాడో చెప్పలేదు. నేడు కుక్కకాటుకు ఇచ్చు గుర్రపు సీరమునకు కూడ అనాఫిలాక్సిస్ భయమున్నది గనుక ఎడ్రినలిన్ దగ్గర పెట్టుకొనియే ఇవ్వవలెను. అయినను భయపడి మానరాదు. రేబిస్ లక్షణములు బయటపడిన తరువాత బ్రతికినవారు దాదాపు లేరు.

2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వము సుప్రీంకోర్టుకు సమర్పించిన అఫిడవిట్‌లో, కోవిడ్ టీకా ఐచ్ఛికము గనుక నష్టపరిహార బాధ్యత తనది కాదని వాదించినది. సర్క్యులరు పంపి, పేర్ల జాబితా గోడకు అంటించి, వేయించుకోనివానిని పిలిచి అడిగిన చోట అది ఎంతవరకు ఐచ్ఛికమో మన సభ్యులకు తెలియును. పని స్థలములో యాజమాన్యము ఏర్పాటు చేసిన టీకా వికటిస్తే దానిని డ్యూటీలో తగిలిన గాయముగానే లెక్కించవలెను. సూది తరువాతి అరగంట డ్యూటీ గంటయే. ముందుగా ప్రతివానిని వెనుకటి అలెర్జీల గురించి అడిగి వ్రాసుకొనవలెను. ఏది వికటించినను నివేదిక పంపి, దాని నకలు ఆ ఉద్యోగికి ఇవ్వవలెను. వీటిలో ఏ ఒక్కదానికీ బడ్జెటు చాలదని ఏ అధికారియు అనలేడు.

ఇకమీదట ఎక్కడ టీకా శిబిరము జరిగినను మన శాఖా కార్యదర్శులు ముందురోజే అక్కడికి వెళ్ళి, ఎడ్రినలిన్ పెట్టెను తెరిపించి, మందు గడువు తేదీ చూచి, తాళపుచెవి ఎవరి వద్ద ఉండునో అడిగి రావలెను.