ఇంకాస్త దగ్గరికి పోనీ!

ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక సహోదరుడు రంగురంగుల కరపత్రం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆఫ్రికా పచ్చిక మైదానాల్లో ఏడు రోజుల ఫోటోగ్రఫీ సఫారీ, బృందంలో ఆరుగురే, వెంట ఒక అనుభవజ్ఞుడైన ఫోటోగ్రాఫర్, స్థానిక గైడు ఉంటారని దాని సారాంశం. బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడాయన. "అయ్యగారూ, పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి, అప్పుల్లేవు. సింహాన్ని బోనులో కాకుండా దాని చోట అది ఉండగా చూడాలని చిన్నప్పటి నుంచీ ఆశ. కానీ జంతువుల ఫోటోల కోసం ఇన్ని లక్షలు ఖర్చు చేయడం విశ్వాసికి తగునా?" అని అడిగాడు. వెళ్లమనో వద్దనో ఒక్క ముక్కలో తేల్చేస్తానని ఆయన ఎదురుచూశాడు. "వెళ్లండి. కాకపోతే వెళ్లేముందు ఒక సాయంత్రం మా ఇంటికి రండి, నేనక్కడ చేసిన ఒక తప్పు చెబుతాను" అన్నాను.

ఆ తప్పే ఇవాళ పాఠకులకూ చెబుతున్నాను. 2023 ఆగస్టులో నేను కెన్యాలోని మసాయి మారాకు వెళ్లాను. నా సెమినరీ సహాధ్యాయి కుమారుడు నైరోబీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఇలాంటి బృందంలో ఒకరు చివరి నిమిషంలో మానుకుంటే ఆ ఖాళీలో నన్ను కూర్చోబెట్టాడు. ఖర్చు అతనిదే. అయినా 'పాస్టరుగారు పులుల ఫోటోలు తీయడానికి విమానమెక్కారట' అని మా సంఘంలో కొందరు చెవులు కొరుక్కున్నారు. ఆఫ్రికాలో పులులు లేవని మాత్రం వాళ్లకు నవ్వుతూ చెప్పి ఊరుకున్నాను.

సఫారీ అంటే స్వాహిలీ భాషలో ప్రయాణం. అరబ్బీ నుంచి వెళ్లిన మాట. మన హైదరాబాదీలు ఉర్దూలో అనే 'సఫర్' కూడా అదే. అయితే వందేళ్ల క్రితం ఆ మాటకు తుపాకీ వాసన ఉండేది. అమెరికా అధ్యక్ష పదవి నుంచి దిగిన వెంటనే, 1909లో థియోడర్ రూజ్‌వెల్ట్ తన కుమారుడితో కలిసి తూర్పు ఆఫ్రికాకు వేటకు వెళ్లాడు. తండ్రీకొడుకులిద్దరూ కూల్చిన జంతువుల సంఖ్య 512. మ్యూజియం కోసమేనని సమర్థించుకున్నారు లెండి. 1977లో కెన్యా వినోదపు వేటను పూర్తిగా నిషేధించింది. తుపాకీ పోయి కెమెరా వచ్చింది, ఇక జంతువుకు హాని లేదని మనమంతా అనుకున్నాం. నేనూ అలాగే అనుకుని వెళ్లాను.

నైరోబీ నుంచి చిన్న విమానంలోనూ వెళ్లవచ్చు గానీ అందులో మనిషికి పదిహేను కిలోల సామానే, అదీ మెత్తటి సంచిలో. కెమెరా, పెద్ద లెన్సు పెడితే చొక్కాలకు చోటుండదు. మేము రోడ్డు మీద నరోక్ ఊరి మీదుగా వెళ్లాం. రిఫ్ట్ లోయలోకి దిగే కొండదారిలో మాయ్ మాహియు దగ్గర రోడ్డు పక్కనే బుల్లి చర్చి ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధంలో పట్టుబడి ఆ రోడ్డు వేయడానికి కూలీలుగా వచ్చిన ఇటలీ ఖైదీలు 1942లో కట్టారు దాన్ని. గట్టిగా పన్నెండు మంది కూర్చుంటే నిండిపోతుంది. చెరలో ఉన్నవాళ్లు రాళ్లు మోసి మోసి అలసిపోయి, మళ్లీ తమ కోసం మరికొన్ని రాళ్లు మోశారు! అక్కడ పది నిమిషాలు ఒంటరిగా కూర్చున్నాను. మిగతా అయిదుగురూ బయట టీ తాగుతూ హారన్ కొట్టించారు.

చిన్న బృందమంటే ఏమిటో మర్నాడు తెల్లవారుజామున అర్థమైంది. ఒక్కో జీపులో ముగ్గురమే, మనిషికొక వరుస. జంతువు ఎటు వైపున్నా ఇంకొకరి భుజం అడ్డురాదు. కిటికీ అంచు మీద గింజలు నింపిన గుడ్డ సంచి వేసి దాని మీద లెన్సు ఆనిస్తారు. ఇంజిను ఆపేస్తారు, లేకపోతే ఆ అదురుకు బొమ్మ చెదిరిపోతుంది. ఇక వేచి ఉండడమే! సూర్యుడు పైకి వచ్చేలోపు ఒక గంట, దిగేముందు ఒక గంట వెలుగు బాగుంటుంది. ఆ రెండు గంటల కోసం రోజంతా దుమ్ములో కూర్చోవాలి. మా ఫోటోగ్రాఫర్ బెంగళూరువాడు. మొదటి రోజు ఫోటోలే తీయనివ్వలేదు. "ముందు చూడండి. చెవులు ఎటు తిరిగాయో, తోక ఏం చేస్తోందో చూడండి" అనేవాడు. ముప్పై ఏళ్లుగా ప్రసంగాలు చేస్తున్న నాకు నోరు మూసుకుని మూడు గంటలు ఒకే దిక్కు చూడడం ఎంత కష్టమో ఏం చెప్పను!

ఆ కాలంలో టాంజానియాలోని సెరెంగెటి నుంచి లక్షలాది వైల్డబీస్ట్‌లు పచ్చిక వెదుక్కుంటూ ఉత్తరానికి వస్తాయి. ఆవుకూ గుర్రానికీ మధ్యలో నిలిచిపోయినట్టుండే జంతువది. అన్నీ కలిపితే పది లక్షల పైమాటే. మారా నది దాటేటప్పుడు తొక్కిసలాటలో ఏటా సగటున 6,250 దాకా మునిగి చచ్చిపోతాయని 2017లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. ఆ కళేబరాలే చేపలకూ, రాబందులకూ, చివరికి ఆ నదికీ ఆహారం. నేనొక దాటుడు చూశాను, ఎంతో ఊహించుకుని వెళ్లాను గానీ దుమ్ము, అరుపులు, ఇంకా దుమ్ము. నా మనసులో నిలిచిపోయింది అది కాదు.

నాలుగో రోజు ఉదయం తొమ్మిదింటికి, రిజర్వు పక్కనున్న ఒక కన్సర్వెన్సీలో ఉన్నాం. చెదపుట్ట మీద ఒక చీతా కూర్చుని ఉంది. మన చిరుతపులి కాదిది. సన్నగా, కాళ్లు పొడుగ్గా, కళ్ల కింద నుంచి నోటిదాకా కన్నీటి చారల్లాంటి నల్లని గీతలతో ఉంటుంది. దానికి మూడు పిల్లలు. స్వాహిలీలో దాన్ని 'దుమా' అంటారు. మన దేశంలో అంతరించిందని 1952లో ప్రకటించి, 2022లో నమీబియా నుంచి కూనోకు తెచ్చుకున్నది ఈ జంతువునే. దూరంగా గజెల్ జింకలు మేస్తున్నాయి. తల్లి పుట్ట దిగి, గడ్డిలో ఒంగి, అడుగు తర్వాత అడుగు వేస్తూ బయలుదేరింది. పిల్లలు కదలకుండా పడుకున్నాయి. మా జీపు అరవై మీటర్ల దూరంలో ఉంది. గడ్డి అడ్డొచ్చి తల్లి చెవులు తప్ప ఏమీ కనబడ్డం లేదు.

వెనక సీట్లో డాక్టరుగారు గొణిగారు. ఆయన గొణిగారు, నేను పైకే అన్నాను. "ఇంకాస్త దగ్గరికి పోనీ బాబూ!" ఇంగ్లీషులోనే అన్నాను, కానీ గొంతు మాత్రం పల్పిట్ మీది గొంతు. గైడు అద్దంలోంచి నావైపు చూశాడు. ఒక్క క్షణం తటపటాయించి ఇంజిను వేశాడు. మేము కదలడం చూసి ఎక్కడో ఉన్న మరో రెండు జీపులు మా వెంటపడ్డాయి. జింకలు తలలెత్తాయి. అంతే, ఒక్కటి కూడా మిగల్లేదు. చీతా లేచి నిలబడి, అవి వెళ్లిన వైపు కాసేపు చూసి, తర్వాత మా వైపు చూసింది. ఆ చూపునే నేను ఫోటో తీశాను. కనుపాపలో మా జీపు నీడ కూడా పడింది. అంత స్పష్టమైన ఫోటో నా జన్మలో తీయలేదు. డాక్టరుగారు నా భుజం తట్టారు.

సాయంత్రం గుడారాల దగ్గర గైడుతో మాట్లాడాను. మసాయి యువకుడు. స్వాహిలీలో పాస్టరును 'మ్చుంగాజీ' అంటారు. ఆ మాటకు అసలు అర్థం పశువుల కాపరి. "మా నాన్న కూడా మ్చుంగాజీయే, ఆయనకు నలభై ఆవులు" అని మొదటి రోజే నవ్వించాడు. ఆ సాయంత్రం నవ్వలేదు. "అది రెండు రోజులుగా తినలేదు, పొట్ట చూశారా?" అన్నాడు. మరి ఎందుకు పోనిచ్చావని అడిగాను. "మీరు మ్చుంగాజీ. మీరు అడిగితే కాదని ఎలా అనను?" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

తర్వాత చదివితే తెలిసింది. అదే మారాలో ఫెమ్కె బ్రూక్‌హౌస్ అనే పరిశోధకురాలు తల్లి చీతాలను కొన్నేళ్లపాటు గమనించి 2018లో లెక్కలు ప్రకటించారు. పర్యాటకుల రద్దీ తక్కువగా ఉన్నచోట ఒక్కో ఈతలో సగటున 2.3 పిల్లలు పెరిగి పెద్దవయ్యాయి. రద్దీ ఎక్కువగా ఉన్నచోట 0.2! అంటే అయిదు ఈతలకు ఒక్క పిల్ల. ఎవరూ తుపాకీ పేల్చలేదు, రాయి కూడా విసరలేదు. వేట చెడిపోవడం, దొరికిన ఆహారాన్ని వదిలేసి పోవడం, తల్లీపిల్లలు విడిపోవడం కారణాలై ఉండవచ్చని ఆమె అభిప్రాయం. 104వ కీర్తనలో రాత్రి సింహాలకూ, పగలు మనుషులకూ దేవుడు వంతులు వేసినట్టు చదువుతాం. చీతా చాలావరకు పగలే వేటాడుతుంది. రాత్రిళ్లు తిరిగే సింహాలూ, హైనాలూ దాని నోటి కూడు లాక్కుంటాయి గనుక ఆ బలహీన ప్రాణి మన వంతులోకి వచ్చి బతుకుతోంది. అక్కడా మనం తిననివ్వకపోతే ఎక్కడికి పోతుంది?

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. ఒక జంతువు దగ్గర అయిదు వాహనాలకు మించి ఆగకూడదు, పాతిక మీటర్ల లోపలికి వెళ్లకూడదు. ఎక్కువమంది తప్పంతా డ్రైవర్ల మీదికి తోస్తారు. నేను ఒప్పుకోను. ఆ యువకుడి నెల గడిచేది జీతంతో మాత్రమే కాదు, చివరి రోజున మనం కవరులో పెట్టి ఇచ్చే టిప్పుతో కూడా. వెనక సీట్లో గొణుగుడు వినబడగానే అతనికి ఆ కవరు కనబడుతుంది. పెద్ద బృందంలో ఆ గొణుగుడు ఎవరిదో తెలియదు. ముగ్గురే ఉన్న జీపులో తెలుస్తుంది. చిన్న బృందం మేలు ఎంతో అక్కడే చెడు కూడా అంత. 2025 జూలైలో సెరెంగెటిలో కొందరు వాహనాలు దిగి నది ఒడ్డుకు చేరి, దాటబోతున్న మందకు అడ్డుపడిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. అందరూ వాళ్లను తిట్టారు. నేను తిట్టలేకపోయాను.

మరి వెళ్లకుండా మానేస్తే సరిపోదా? ఆ మాటా ఆలోచించాను. మారా చుట్టుపక్కల మసాయి కుటుంబాలు తమ భూములను కలిపి కన్సర్వెన్సీలకు అద్దెకిస్తాయి. 2010లో ఏర్పడిన నబోయిషోలోనే అలాంటి భూయజమానులు అయిదు వందల మందికి పైగా ఉన్నారు. ఆ అద్దె వచ్చేది పర్యాటకుల డబ్బు నుంచే. 2020లో కరోనా వచ్చి విమానాలు ఆగిపోతే ఆ అద్దెలకే ముప్పు వచ్చింది. అద్దె రాకపోతే ఆ భూమికి కంచెలు పడతాయి. అలాగని అంతా న్యాయంగా ఉందని చెప్పలేను. సెరెంగెటిని జంతువులకు కేటాయించి 1959లో మసాయిలను అక్కడి నుంచి పంపించేశారు. 2022 జూన్‌లో అదే టాంజానియాలో లోలియోండో దగ్గర 1,500 చదరపు కిలోమీటర్లకు హద్దురాళ్లు పాతుతుంటే పశువుల కాపరులు ఎదురుతిరిగి పోలీసుల చేతిలో గాయపడ్డారు. మనిషిని వెళ్లగొట్టి ఖాళీ చేసిన చోటును 'ఏదెను తోట' అని పొగిడే ప్రకటన చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏదెనులో తోటను సేద్యం చేయడానికీ కాయడానికీ మనిషిని పెట్టారు గదా!

యోబు కథలో ఒక సంగతి నాకు సెమినరీలో అర్థం కాలేదు, మారాలో కొంచెం అర్థమైంది. అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న మనిషికి దేవుడు జవాబుగా సింహాన్నీ, కొండమేకనూ, అడవిగాడిదనూ చూపిస్తాడు. వాటిలో ఒక్కటీ యోబుకు పనికొచ్చేది కాదు. వాటి ఆకలిని యోబు తీర్చలేడు, వాటి ప్రసవకాలం యోబుకు తెలియదు. చూపించాడే తప్ప దగ్గరికి తీసుకెళ్లలేదు.

ఆ సాయంత్రం రిటైర్డ్ సహోదరుడు వచ్చాడు. డబ్బు కట్టేముందు నిర్వాహకులను రెండు ప్రశ్నలు అడగమన్నాను. జీపుకు ఎంతమంది, ఒక జంతువు దగ్గర అప్పటికే అయిదు వాహనాలుంటే మీరేం చేస్తారు? రెండోదానికి తడబడితే కట్టొద్దన్నాను. పదిరోజుల ముందే నారాయణగూడలో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోమన్నాను. ఆ సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపేస్తారు. గైడుకు ఇచ్చే కవరు చివరి రోజు దాకా దాచవద్దన్నాను. మొదటి ఉదయమే చేతిలో పెట్టి, 'మాకు దగ్గరి ఫోటోలు అక్కర్లేదు, నువ్వు ఎక్కడ ఆపితే అక్కడే' అని అందరి ముందూ చెప్పమన్నాను. "మిగతావాళ్లు ఒప్పుకోకపోతే?" అన్నాడు. "మీరు సంఘపెద్ద గదా, మీ గొంతుకు కొంత బరువుంది" అన్నాను.

వెళ్లొచ్చాడు. కిందటి నెల ల్యాప్‌టాప్ తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. నా చీతా ఫోటో ఆ గది గోడకే ఉంది. వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటూనే ఉంటారు. ఆయన దానివైపు చూడలేదు. తెర మీద అంతా ఎండుగడ్డి, దూరంగా ఒక తుమ్మచెట్టు, దాని కింద గోధుమరంగు చుక్క. ఏముందిందులో అని అడిగాను.

"చీతా అయ్యగారూ, జింకను పట్టింది. పిల్లలు కూడా తింటున్నాయి, మూడున్నాయి చూడండి."

కళ్లద్దాలు తుడుచుకుని, తెర దగ్గరికి ఒంగి లెక్కపెట్టాను. రెండే కనిపించాయి. మూడోది గడ్డిలో ఉందట.