ట్రఫుల్ కొంటారా? ముందు వాసన చూడండి

మొన్నీమధ్య ఓ స్నేహితుడు మిలాన్ వెళ్తూ "ట్రఫుల్ ఎలా చూసి కొనాలిరా?" అని అడిగాడు. చాక్లెట్ ట్రఫుల్ కాదు మహాప్రభో, చెట్ల వేళ్ళని అంటిపెట్టుకుని మట్టిలో పెరిగే ఖరీదైన పుట్టగొడుగు. 72 యూరోలు తగలేసి నేర్చుకున్నవాణ్ణి కాబట్టి చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నా :)

టురిన్‌లో ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు ఒక అక్టోబరు శనివారం ఆల్బా వెళ్ళాను. తెల్ల ట్రఫుల్‌కి పేరున్న ఊరు, ఏటా ఆ రోజుల్లో పెద్ద సంత జరుగుతుంది. అక్కడి జనాన్ని చూసి విసుగొచ్చి, పక్క సందులో దుకాణానికెళ్ళి, ఉన్నవాటిలో గుండ్రంగా, నున్నగా ఉన్నది ఏరుకున్నాను. 18 గ్రాములు, గ్రాము 4 యూరోలు. చివర విరిచి చూడందే పావుకిలో బెండకాయలు కూడా కొనని మనిషిని, దాన్ని కనీసం వాసన చూడలేదు!

అసలు ఆకారం చూసి మోసపోవడమే మొదటి తప్పు. మట్టి గుల్లగా ఉంటే ట్రఫుల్ గుండ్రంగా వస్తుంది, గట్టి నేలైతే అల్లంకొమ్ములా వంకర్లు తిరుగుతుంది. గుండ్రటిది తురమడానికి వీలు, అంతే. రుచికీ దానికీ సంబంధం లేదు. పైగా వంకరది చవక కూడా. కాకపోతే వంకర్లలో, పురుగు తొలిచిన కన్నాల్లో మట్టి కూరి తూకం పెంచే మహానుభావులుంటారు, అది చూసుకోవాలి.

వేలితో మెల్లగా నొక్కండి. గట్టిగా ఉండి, కాస్తంత లొంగినట్టనిపించాలి. స్పాంజిలా మెత్తబడిందంటే కుళ్ళు మొదలైనట్టు. రాయిలా, తేలిగ్గా ఉంటే ఎండిపోయింది. ఇక వాసన. మంచి తెల్ల ట్రఫుల్‌లో వెల్లుల్లి, తేనె, ఎండుగడ్డి కలిసినట్టుంటుంది. ఘాటులో మన ఇంగువకి దూరపు చుట్టం, రెండిట్లోనూ గంధకపు సమ్మేళనాలే మరి. అమ్మోనియా కంపు తగిలితే దణ్ణం పెట్టి వచ్చేయండి. నల్లదైతే పుచ్చకాయకి పెట్టినట్టు కత్తిమొనతో చిన్న గాటు పెట్టి చూపించమనండి. లోపల నల్లగా ఉండి సన్నటి తెల్లచారలుంటే పండినట్టు. పాలిపోయి ఉంటే పచ్చిది. చైనా నుంచొచ్చే జాతి పైకి అచ్చం ఫ్రాన్సు నల్లదానిలాగే ఉంటుంది, వాసన మాత్రం అంతంతమాత్రం. అక్కడా దొంగని పట్టించేది ముక్కే.

ఆ ముక్కునే మనం పాడుచేసుకున్నాం. హైదరాబాదు, బెంగళూరు పబ్బుల్లో ట్రఫుల్ ఫ్రైస్ తిని అదే అసలు వాసననుకుంటాం. చాలావాటిలో ఉండేది నూనెలో కలిపిన కృత్రిమ రసాయనం. తెల్ల ట్రఫుల్‌లో ఉండే పదుల కొద్దీ వాసనల్లో ఒకదానికి నకలు. దానికి అలవాటుపడ్డవాడికి అసలుది చప్పగా అనిపిస్తుంది.

ఇంకోటి, ఎప్పుడు తవ్వారో అడగండి. తెల్లది వారం, పదిరోజులకి మించి నిలవదు, రోజురోజుకీ బరువూ వాసనా తగ్గిపోతుంటాయి. 2004లో లండన్‌లో ఒక రెస్టారెంటు 28,000 పౌండ్ల ట్రఫుల్‌ని అందరికీ చూపించుకుంటూ కూర్చుంటే అది కాస్తా కుళ్ళిపోయింది. వేలంపాటల్లో సైజు చూసి ఎగబడేవాళ్ళని తల్చుకుంటే నాకు జాలేస్తుంది. 100 గ్రాముల పాతదాని కన్నా నిన్న తవ్విన 10 గ్రాములు నయం.

నేను కొన్నదాన్ని ఇంటికి తెచ్చి, మామిడికాయలు మాగేసినట్టు బియ్యం డబ్బాలో పెట్టాను. ఎవరో అలా పెట్టాలన్నారు. బియ్యం తేమని పీల్చేస్తుందని, టిష్యూ కాగితంలో చుట్టి మూతగట్టి ఫ్రిజ్‌లో పెట్టి కాగితం రోజూ మార్చాలని తర్వాత తెలిసింది. మూడోరోజుకి చెక్కముక్కలా తయారైంది. పోనీ బియ్యానికైనా వాసన పట్టుంటుందని ఆశగా అన్నం వండుకున్నా. ఉత్త అన్నమే. ఆవకాయ వేసుకుని తినేశా.