సంగీత విద్యార్థులకు

తొలకరి వచ్చినది. ధవళేశ్వరము నుండి కాలువలకు నీరు సాగు దినములివి. ఈ దినములలోనే మన గోదావరి మండలముల బాలురును బాలికలును కొందరు సంగీతము చదువ నిశ్చయించి విశాఖపట్టణమునకు, విజయనగరమునకు, తిరుపతికి, చెన్నపట్టణమునకు ప్రయాణమగుచున్నారు. ఇంజనీరింగు చదువబోవు పిల్లవానిని ఊరెల్ల దీవించి పంపును. సంగీతము చదువబోవు పిల్లవానిని మాత్రము “దీనివలన కూడెట్లు?” అని అడుగును. ఆ ప్రశ్న అడుగరానిది కాదు. కాని దానికి ప్రత్యుత్తరము చెప్పవలసిన భారమంతయు పదునెనిమిదేండ్ల విద్యార్థిపై మోపుట న్యాయము కాదు. అందుచేత ఈ వారము ఆ విద్యార్థులతోను, వారి తలిదండ్రులతోను, మన పుర ప్రముఖులతోను రెండు మాటలు చెప్పదలచితిమి.

మా మాట యొక్కటే. విద్యార్థి విద్య కొరకును, ఆ విద్యను మరియొకరికి అందించుట కొరకును సంగీత కళాశాలలో అడుగుపెట్టవలెను. వేదిక లభించినచో సంతోషమే. లభింపకున్నను ఆ చదువు చెడినట్లు కాదు.

మొదట ఈ ద్వారమెట్లు తెరువబడినదో తెలిసికొనుట మంచిది. పూర్వము సంగీతము నేర్వగోరువాడు గురువు నింట జేరి, నీళ్లు మోసి, గురువునకు దయ కలిగిన దినమున పాఠము గ్రహించెడివాడు. ఆ పద్ధతిలో మహావిద్వాంసులు పుట్టిరి, సందేహము లేదు. కాని ఏ యింట పుట్టినవానికి ఆ గడప దాట నర్హత గలదో ముందే నిర్ణయమై యుండెడిది. 1919లో విజయనగర ప్రభువులు సంగీత కళాశాలను నెలకొల్పి ఆదిభట్ల నారాయణదాసుగారిని తొలి అధ్యక్షులుగా నియమించిరి. 1927లో చెన్నపట్టణమున జరిగిన కాంగ్రెసు మహాసభను పురస్కరించుకొని సంగీత సభ జరిగెను; దాని ఫలముగా 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టినది. 1929లో చిదంబరమున రాజా అణ్ణామలై చెట్టియారుగారు సంగీత కళాశాలను స్థాపించిరి. పిమ్మట విశ్వవిద్యాలయములును సంగీతమును తమ పాఠ్య విషయములలో చేర్చుకొన్నవి. దరఖాస్తు పెట్టుకొని, పరీక్షకు నిలిచి, ప్రవేశము పొందు హక్కు ఇట్లు సర్వజనులకు సంక్రమించినది. దేశమేలుకొన్న కాలమున దేశము సంపాదించిన ఆస్తులలో ఇది యొకటి.

బాలికలకు ఇంకొక మాట చెప్పవలసియున్నది. మన డెల్టా గ్రామములలో క్షేత్రయ్య పదములను, జావళీలను తరతరములుగా కాపాడినవారు కళావంతుల స్త్రీలు. లోకము వారి పాట విని ఆనందించెను. పాడినవారిని మాత్రము నిందించెను. 1947లో మదరాసు ప్రభుత్వము బాలికలను దేవదాసీలుగా అర్పించుటను నిషేధించుచు చట్టము చేసినది. ఆ దురాచారము పోవలసినదే. ఐనను నేడు ఏ జంకును లేక తరగతిలో కూర్చుండి పదము నేర్చుకొను బాలిక, ఆ పదమును తన వరకు మోసికొని వచ్చిన స్త్రీలను కృతజ్ఞతతో తలంపవలెను.

ఇక విశ్వవిద్యాలయము ఏమి యియ్యగలదు? ఏమి యియ్యజాలదు? అది కాలనియమము నిచ్చును. శాస్త్ర గ్రంథముల నిచ్చును. పలువురు అధ్యాపకులను, తోడి విద్యార్థులను, కడపట నొక పట్టమును ఇచ్చును. ప్రభుత్వ సంగీత కళాశాలలలో సర్టిఫికెట్టు నాలుగేండ్లు, దానిపై డిప్లొమా రెండేండ్లు అను క్రమమొకటి కలదు; విశ్వవిద్యాలయముల పట్టములకు వేరు లెక్క. ఏ లెక్క ప్రకారము చూచినను తరగతి గంట స్వల్పము. గంట కొట్టగనే పాఠము ముగియును, రాగము ముగియదు. సాధన యనునది గంట తరువాత మొదలగును. దానిని ఏ విశ్వవిద్యాలయమును విద్యార్థికి మారుగా చేసిపెట్టలేదు.

కావున క్రొత్తగా చేరిన విద్యార్థి మొదటి సంవత్సరమున చేయవలసిన పనులు కొన్ని కలవు. తెల్లవారుజామున శ్రుతి పెట్టుకొని ఆధార షడ్జమమున నిలువవలెను. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారములు చిన్ననాడే ఐపోయినవని తలంపక, మూడు కాలములలోను తిరిగి సాధింపవలెను. తోడి యన్నలు అప్పుడే తానవర్ణమును దాటి కృతులు పాడుచున్నారని తొందరపడరాదు. పునాది తడియారక మునుపే మేడ లేపినవాని గతి మన లంక గ్రామములవారికి వేరుగా చెప్ప నక్కరలేదు. గాత్ర విద్యార్థి ఏదేని వాద్యమును కొంతయైనను పరిచయము చేసికొనవలెను. వీణ మెట్లపై వ్రేలు పెట్టినవానికి స్వరస్థానము కంటికిని గోచరించును. మృదంగ విద్యార్థి కీర్తనలు నేర్వవలెను. సాహిత్య మెరుగనివాడు పాట ననుసరించి వాయింపజాలడు. గొంతు నలసినపుడు విశ్రాంతి నియ్యవలెను. ఒక గురువు పాఠాంతరమును పూర్తిగా పట్టుబడువరకు వేరొకరి పాఠాంతరముతో కలిపి పాడరాదు.

స్వరము వ్రాసిన పుస్తకమును గూర్చియు ఒక హెచ్చరిక యవసరము. పుస్తకము సాక్షి వంటిది, తీర్పరి కాదు. అందు “గ” అను అక్షరముండును గాని, తోడిలో ఆ గాంధారము ఎట్లు కంపించునో, శంకరాభరణములో ఎట్లు నిలుచునో కాగితము చెప్పజాలదు. గమకము చెవి నుండి చెవికి పోవునదే. నేడు చేతిలోని ఫోనునందే వేలకొలది కచ్చేరీలు లభించుచున్నవి. పూర్వులు ఒక్క కచ్చేరీ కొరకు రాత్రియంతయు బండిలో ప్రయాణించెడివారు. ఆ సౌకర్యమును మేము తృణీకరింపము. కాని పది నిమిషములకొక పాట మార్చువాడు వినుచున్నవాడు కాడు. ఒక్క రాగమును, ఒక్క విద్వాంసుని నోట, ఒక్క మాసము వినిన విద్యార్థికి కలుగు లాభము వేరు.

వినుట యెంతటి బలమో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాసు మాండొలినుపై కర్ణాటక సంగీతమును లోకమునకు వినిపించెను. ఆయనకు విద్య చెప్పిన రుద్రరాజు సుబ్బరాజుగారు, చెంబై వైద్యనాథ భాగవతారుగారి శిష్యులు. వారికి మాండొలిను వాయింపరాదు! వారు పాడుచుండిరి; బాలుడు విని తంత్రులపై పలికించుచుండెను. గమకములకు అనుకూలము కాదని తలంపబడిన ఆ విదేశ వాద్యము ఆ వినికిడి చేతనే మనదైనది. గురువు చేతి నుండి శిష్యుని చేతికి గాక, గురువు కంఠము నుండి శిష్యుని చెవికి వచ్చిన విద్య యిది.

గర్వము గూర్చియు ఒక కథ కలదు. 1919లో ద్వారం వెంకటస్వామినాయుడుగారు విజయనగర కళాశాలలో విద్యార్థిగా చేరబోయిరి. వారి వాద్యము విని నారాయణదాసుగారు వారిని ఫిడేలు ఆచార్యులుగా నియమించిరి. తరువాత 1936లో వారే ఆ కళాశాల కధ్యక్షులైరి. ఈ కథను విని ప్రతి విద్యార్థియు తానును అట్టివాడనని తలంచుట సులభము. కాని వారు వచ్చినది ఆచార్య పదవి నాశించి కాదు, నేర్చుకొనుటకై వచ్చిరి. మన విద్యార్థులు గ్రహింపవలసిన భాగమది.

తెలుగు బిడ్డకు పుట్టుకతో వచ్చిన భాగ్యమొకటి కలదు. త్యాగయ్యగారి కృతులలో అధిక భాగము మన భాషలోనివి. కావేరి తీరమున పుట్టిన విద్యార్థి వానిని అర్థమడిగి తెలిసికొని వల్లె వేయును. మనవాడు అమ్మ నోట విన్న మాటలే పాడుచు, పదమును నడుమ విరిచి, దీర్ఘమును హ్రస్వము చేసి, అర్థమునకు భంగము కలిగించినచో క్షమార్హుడు కాడు. కృతి పాడుటకు ముందు దానిని వచనముగ చదివి, ప్రతిపదార్థము చెప్పుకొనవలెను. సంగీత విద్యార్థికి తెలుగు పంతులుగారి తరగతి వ్యర్థ కాలము కాదు.

ఇప్పుడు తలిదండ్రుల ప్రశ్నకు వత్తము. “కూడెట్లు?” కచ్చేరీలవలన జీవించువారు ఏ తరమునను కొలదిమందియే. ఈ సంగతిని దాచిపెట్టి పిల్లలకు ఆశలు గల్పించుట ద్రోహము. పరువు గల జీవనములు మాత్రము వేరే కలవు. శ్రీపాద పినాకపాణిగారు వైద్యులు. విశాఖపట్టణము, కర్నూలు వైద్య కళాశాలలలో ఆచార్యులై రోగులను జూచుచునే శిష్యులను తయారుచేసిరి. 1983లో సంగీత కళానిధి బిరుదము వారిని వరించెను. వారి శిష్యులలో పిఠాపురపు చెంతనున్న కొత్తపల్లిలో 1927లో జన్మించిన నేదునూరి కృష్ణమూర్తిగారు ప్రభుత్వ సంగీత కళాశాలలకు అధ్యక్షులై పలువురకు విద్య గరపిరి. రాజోలు సీమకు చెందిన వోలేటి వెంకటేశ్వర్లుగారు విజయవాడ ఆకాశవాణిలో ఉద్యోగించుచు, రేడియో ముందు కూర్చుండిన ప్రతి యిల్లాలికిని పాఠము చెప్పిరి. ఉపాధ్యాయత్వమును ఓడినవాని ఆశ్రయముగా భావించు విద్యార్థులు ఈ పేర్లను జ్ఞాపకముంచుకొందురుగాక!

మరియు త్యాగయ్యగారు 1847లో సిద్ధి పొందిరి. వారి విద్య మన డెల్టాకు ఎట్లు చేరినది? వారి శిష్యులు మానంబుచావడి వెంకటసుబ్బయ్యగారు. వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు. వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. ఆ పంతులుగారి యొద్దనే 1930లో కోనసీమ శంకరగుప్తమున పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారును, ఏలూరు సీమకు చెందిన ఫిడేలు విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారును నేర్చిరి. నడుమ ఒక్క గురువు “నాకు కచ్చేరీలు చాలును, పాఠములు చెప్ప తీరిక లేదు” అని యుండినచో ఆ గొలుసు అచ్చటనే తెగియుండెడిది.

పుర ప్రముఖులకు మా మనవి. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు విజయనగరమున చదువుకొను దినములలో మధుకర మెత్తి కడుపు నింపుకొనిరి; పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనను చేరదీసి విద్య చెప్పిరి. ఆ బాలుడే 1942లో దేశము కొరకు చెరసాలకు పోయెను. పిమ్మట ఆంధ్ర దేశమునకు కంఠమయ్యెను. ఆ పట్టణపు గృహిణులు పెట్టిన ముద్దకు దేశము చెల్లించుకొన్న వడ్డీని ఎవ్వరు లెక్కింపగలరు? నేడు మన విద్యార్థికి జోలె వలదు. వసతిగృహపు రుసుమునకు సాయము, మంచి వీణ యొకటి, సెలవులలో ఇంటికి వచ్చినపుడు పాడుటకు సభాస్థలము చాలును. కాకినాడ సరస్వతీ గానసభ వంటి సంస్థలు ఏళ్ల తరబడి మహావిద్వాంసులను పిలిచి పాడించినవి. ప్రతి పట్టణపు సభయు పెద్ద కచ్చేరీకి ముందు ఒక గంటను స్థానిక విద్యార్థికి కేటాయించిన ఖర్చేమియు లేదు. సంగీతోపాధ్యాయులు లేని పాఠశాలలే మనలో మిక్కుటము. ఆ లోటును అధికారులకు నివేదించుట, తీరువరకు విడువకుండుట మన పని.

విద్యార్థులారా! మన ఆనకట్ట 1852లో పూర్తియైనది. దాని ఘనత ధవళేశ్వరమున నిలిచిన నీటిని జూచి యెవరును నిర్ణయింపరు. శివారు చేలకు నీరు చేరినదా లేదా యని రైతు అడుగును. మీరు పట్టణములలో నేర్చిన విద్యయు అట్టిదే. పట్టము చేతికి వచ్చిన మరునాడు మీ యూరికి వచ్చి, వీధి యరుగుమీద నలుగురు పిల్లలను కూర్చుండబెట్టి మొదటి సరళి చెప్పుడు. అంతవరకు శ్రద్ధతో నేర్చుకొనుడు. మీకు జయమగుగాక!